మాత్రిక ప్రమేయాల కారణాంక విభజన: చేతి లెక్క నుంచి ప్రోగ్రామ్ వరకు

ఒకే సంకేతాన్ని విశ్లేషిస్తే ప్రతి పౌనఃపున్యం వద్ద ఒక సంఖ్య వస్తుంది. ఏకకాలంలో నమోదైన రెండు మూడు సంకేతాలను కలిపి విశ్లేషిస్తే ప్రతి పౌనఃపున్యం వద్ద ఒక మాత్రిక వస్తుంది. పౌనఃపున్యంతో పాటు మారుతూ పోయే ఈ మాత్రికను మాత్రిక ప్రమేయం అంటారు. దాన్ని ఒక కారణాంకం, ఆ కారణాంకానికే సంయుగ్మ ట్రాన్స్‌పోజ్, ఈ రెండింటి లబ్ధంగా విడగొట్టడాన్ని వర్ణపట కారణాంక విభజన అంటారు. ఇలాంటి విభజన ఎప్పుడు సాధ్యమో అమెరికన్ గణితజ్ఞుడు నోర్బర్ట్ వీనర్, ముంబైలో పుట్టిన పెసి మసానీ కలిసి 1957, 1958లలో ఆక్టా మ్యాథమెటికా అనే పత్రికలో రెండు భాగాలుగా అచ్చయిన పరిశోధన పత్రంలో నిరూపించారు. అంతకు కొద్ది కాలం ముందు, 1955-56లో, వీనర్ కోల్‌కతాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో గడిపారు. విభజన ఉందని తెలియడం ఒక ఎత్తు అయితే, దాన్ని అంకెల్లో రాబట్టడం మరో ఎత్తు. ఈ వ్యాసం రెండో పని గురించి.

నా అభిప్రాయంలో ఈ విషయాన్ని నేర్చుకోవడానికి సరైన దారి ఒక్కటే: జవాబు ముందే తెలిసిన ఒక చిన్న 2×2 సమస్యను కాగితం మీద పూర్తిగా చేసి, ఆ తరువాతే ప్రోగ్రామ్ జోలికి వెళ్లాలి. ఈ లెక్కల్లో తప్పు కారణాంకం కూడా చాలాసార్లు సరైన దానిలాగే కనబడుతుంది. జవాబు తెలిసిన సమస్య చేతిలో లేకపోతే ఆ తేడాను పట్టుకోవడం కష్టం.

సంకేతాలు

చలరాశిని చ అని రాస్తాను. ఇది సంకీర్ణ తలంలో వ్యాసార్ధం 1 గల వృత్తం మీద తిరుగుతుంది. ఆ వృత్తం మీద చ⁻¹ అంటే చ యొక్క సంయుగ్మమే. ఇచ్చిన మాత్రిక ప్రమేయం స(చ), వెతుకుతున్న కారణాంకం అ(చ). ట్రాన్స్‌పోజ్‌కు ′ గుర్తు, సంయుగ్మ ట్రాన్స్‌పోజ్‌కు * గుర్తు, విలోమానికి ⁻¹ వాడతాను. మాత్రికను [6, 3; 3, 6] అన్నట్లు ఒకే పంక్తిలో రాస్తాను, అర్ధవిరామం దగ్గర ఒక అడ్డవరుస ముగిసి తరువాతిది మొదలవుతుంది.

సమస్య ఇది: స(చ) = అ(చ) అ*(చ) అయ్యేలా అ(చ) ను కనుక్కోవాలి. అ(చ) లో చ యొక్క ధన ఘాతాలు, స్థిర పదం మాత్రమే ఉండాలి. దాని నిర్ధారకం వృత్తం లోపల ఎక్కడా సున్నా కాకూడదు. ఈ రెండో షరతు అలంకారం కాదు. చ ను ఒక అంచె ఆలస్యంగా భావిస్తే, అ(చ) గతంలోని కుదుపుల నుంచి వర్తమానాన్ని నిర్మించే సూత్రం అవుతుంది. దాని విలోమం కూడా గతాన్ని మాత్రమే వాడుకోవాలంటే నిర్ధారకపు మూలాలు వృత్తం లోపల ఉండకూడదు. అప్పుడు, అ(చ) స్థిర పదాన్ని అ₀ అంటే, అ₀అ₀′ అనే మాత్రిక ఒక అంచె ముందు అంచనాలో అనివార్యంగా మిగిలే దోషపు సహవిస్తృతి అవుతుంది. ముకేశ్ ధమాలా, గోవిందన్ రంగరాజన్, మింగ్‌జౌ డింగ్ 2008లో గ్రేంజర్ కారణత్వాన్ని (ఒక సంకేతపు గతం మరో సంకేతాన్ని అంచనా కట్టడానికి ఎంత తోడ్పడుతుందన్న కొలతను) నేరుగా ఫోరియర్ వర్ణపటాల నుంచి లెక్కించే పద్ధతిని ప్రతిపాదించినప్పుడు, దాని నడుమ నిలిచినది ఈ విభజనే. మెదడులో ఒక ప్రాంతం మరొక ప్రాంతాన్ని ఎంత ప్రభావితం చేస్తున్నదో అంచనా కట్టేవారు ఇప్పటికీ దాన్ని వాడుతున్నారు.

మొదటి అడుగు: ఒకే సంఖ్య ఉన్న సందర్భాన్ని అర్థం చేసుకోవడం

స(చ) = 2చ + 5 + 2చ⁻¹ తీసుకుందాం. దీన్ని (2 + చ)(2 + చ⁻¹) అని రాయవచ్చు. గుణించి చూస్తే సరిపోతుంది. (1 + 2చ)(1 + 2చ⁻¹) అని రాసినా అదే ఫలితం వస్తుంది. మొదటి కారణాంకపు మూలం −2, అది వృత్తానికి వెలుపల ఉంది. రెండోదాని మూలం −1/2, అది లోపల ఉంది. మనకు కావలసింది మొదటిది. రెండింటి లబ్ధం ఒకటే కాబట్టి, తిరిగి గుణించి సరిచూసుకునే పరీక్ష ఈ రెండింటి మధ్య తేడాను ఎన్నటికీ చెప్పలేదు.

ఒకే సంఖ్య ఉన్నప్పుడు మూలాలు ఎప్పుడూ జంటలుగా వస్తాయి: ఒకటి లోపల ఉంటే దాని విలోమ సంయుగ్మం వెలుపల ఉంటుంది. మూలాలన్నీ కనుక్కుని, వెలుపలివాటిని ఏరుకుంటే పని అయిపోతుంది. ఫెయేర్, రీస్ పేర్లతో పిలిచే సిద్ధాంతం చెప్పేది ఇదే. మాత్రికల విషయంలో ఈ ఉపాయం నేరుగా పనిచేయదు. నిర్ధారకపు మూలాలను ఏరుకోగలం గాని, ప్రతి మూలం వద్ద మాత్రిక ఏ దిశలో సున్నా అవుతుందో ఆ సమాచారం నిర్ధారకంలో ఉండదు. పైగా మాత్రికల గుణకారంలో క్రమం మారితే ఫలితం మారుతుంది కాబట్టి, అ అ* రూపపు విభజన, అ* అ రూపపు విభజన వేర్వేరు సమస్యలు అవుతాయి. ఏది కావాలో మొదటే నిర్ణయించుకుని చివరి దాకా దాన్నే అనుసరించాలి.

రెండో అడుగు: జవాబు తెలిసిన మాత్రికను తయారు చేసుకోవడం

అ₀ = [2, 0; 1, 2], అ₁ = [1, 1; 0, 1] అనుకుని అ(చ) = అ₀ + అ₁చ గా నిర్మిద్దాం. దీని నిర్ధారకం (2 + చ)² − చ, అంటే 4 + 3చ + చ². రెండు మూలాలూ సంకీర్ణాలు, వాటి లబ్ధం 4 కాబట్టి ఒక్కొక్కదాని పరిమాణం 2. రెండూ వెలుపలే ఉన్నాయి గనుక ఇది సరైన కారణాంకం.

ఇప్పుడు దీన్ని గుణించి స(చ) ను పొందుదాం.

స₀ = అ₀అ₀′ + అ₁అ₁′ = [4, 2; 2, 5] + [2, 1; 1, 1] = [6, 3; 3, 6]

స₁ = అ₁అ₀′ = [2, 3; 0, 2]

స(చ) = స₁చ + స₀ + స₁′చ⁻¹

స₁ సౌష్ఠవ మాత్రిక కాకుండా ఉండేలా ఈ ఉదాహరణను కావాలనే ఎంచుకున్నాను. స₁ సౌష్ఠవంగా ఉంటే, ప్రోగ్రామ్‌లో ఒక ట్రాన్స్‌పోజ్ మరచిపోయినా ఫలితం సరిగ్గానే వచ్చి, అసలు డేటా మీదికి వెళ్లాక ఎక్కడ తప్పిందో తెలియకుండా పోతుంది.

విభజన మొదలుపెట్టే ముందు స(చ) వృత్తం మీద అంతటా ధన నిశ్చితంగా, అంటే ఐగెన్ విలువలన్నీ ధనాత్మకంగా, ఉందో లేదో చూడాలి. చ + చ⁻¹ ను వ అని రాస్తే నిర్ధారకం 18 + 15వ + 4వ² అవుతుంది. వ విలువ −2 నుంచి 2 వరకు మారుతుంది. ఈ మధ్యలో నిర్ధారకపు కనిష్ఠ విలువ వ = −1.875 వద్ద 3.9375. వికర్ణ పదాలు 6 + 2వ కూడా ఎప్పుడూ 2కు తగ్గవు. కాబట్టి షరతు నెరవేరింది.

అసలు డేటాతో పనిచేసేటప్పుడు ఈ మెట్టును దాటవేయడం ప్రమాదకరం. సహవిస్తృతులను, అంటే స(చ) గుణకాలను, కొన్ని ఆలస్యాల వరకే లెక్కించి మిగిలినవాటిని సున్నా చేస్తే, కొన్ని పౌనఃపున్యాల వద్ద స(చ) కి రుణ ఐగెన్ విలువలు రావచ్చు. అప్పుడు ఏ పద్ధతి వాడినా విభజన కుదరదు, ఎందుకంటే విభజించడానికి అక్కడ ఏమీ లేదు. ఆలస్యం పెరిగే కొద్దీ క్రమంగా తగ్గే బార్ట్‌లెట్ త్రిభుజాకార భారాలతో సహవిస్తృతులను గుణించడం గాని, డేటాను ముక్కలు చేసి పీరియడోగ్రామ్‌ల (ఒక్కొక్క ముక్క నుంచి లెక్కించిన ముడి వర్ణపటాల) సగటు తీసుకోవడం గాని దీనికి మందు. ముక్కల సంఖ్య సంకేతాల సంఖ్య కంటే తక్కువైతే సగటు మాత్రిక విలోమం లేనిదిగా మిగిలిపోతుందని కూడా గుర్తుంచుకోవాలి.

మూడో అడుగు: బావర్ పద్ధతి

జర్మన్ గణితజ్ఞుడు ఫ్రీడ్రిష్ లుడ్విగ్ బావర్ 1955లో బహుపదుల కోసం ప్రతిపాదించిన ఆలోచన ఇది. దాన్ని మాత్రికలకు విస్తరించి 1978లో యూలా, కజాంజియన్ వివరంగా రాశారు. స₀ ను వికర్ణం పొడవునా, స₁ ను దాని కింద, స₁′ ను దాని పైన పేర్చి ఒక పెద్ద పట్టీ మాత్రికను తయారు చేసి, దానికి చొలెస్కీ విభజన చేస్తే, అంటే ఒక దిగువ త్రిభుజ మాత్రిక, దాని ట్రాన్స్‌పోజ్, ఈ రెండింటి లబ్ధంగా రాస్తే, కిందికి దిగే కొద్దీ అడ్డవరుసలు స్థిరపడి అ₁, అ₀ లను ఇస్తాయి. పెద్ద మాత్రికను నిజంగా పేర్చనవసరం లేదు. వరుస తరువాత వరుసను అనుసరిస్తే అది ఈ చిన్న సూత్రానికి కుదించుకుపోతుంది:

ప₀ = స₀

తరువాతి ప = స₀ − స₁ ప⁻¹ స₁′

ప చేరుకునే విలువే అ₀అ₀′. మన ఉదాహరణలో అది [4, 2; 2, 5] కావాలి. చేతితో చేసి చూద్దాం.

స₀ విలోమం (1/9)[2, −1; −1, 2]. స₁ తో ఎడమ నుంచి గుణిస్తే (1/9)[1, 4; −2, 4] వస్తుంది. దాన్ని స₁′ = [2, 0; 3, 2] తో కుడి నుంచి గుణిస్తే (1/9)[14, 8; 8, 8]. స₀ నుంచి తీసివేస్తే ప₁ = (1/9)[40, 19; 19, 46], అంటే సుమారు [4.4444, 2.1111; 2.1111, 5.1111]. అదే పనిని మళ్లీ చేస్తే ప₂ = [4.0771, 2.0020; 2.0020, 5.0264], ఆ తరువాత ప₃ = [4.0118, 2.0018; 2.0018, 5.0107]. మూడు అంచెల్లోనే రెండో దశాంశ స్థానం దాకా వచ్చేశాం. ఇక్కడి నుంచి దోషం సగటున అంచెకు నాలుగో వంతుకు తగ్గుతుంది. ఆ 4 అనే సంఖ్య మూలాల పరిమాణమైన 2 యొక్క వర్గం. మూలాలు సంకీర్ణాలు గనుక తగ్గుదల సాఫీగా ఉండదు: నాలుగో అంచెలో వికర్ణం పక్కనున్న పదం దాదాపు కదలకుండా 2.0019 దగ్గర ఉంటుంది, వికర్ణ పదాలు మాత్రం 4.0039, 5.0029 కు దిగుతాయి. ఒక్క పదాన్ని చూసి లెక్క ఆగిపోయిందని అనుకోకుండా, మొత్తం మాత్రికలోని మార్పును కొలవాలి.

ప స్థిరపడ్డాక చొలెస్కీ విభజనతో అ₀ వస్తుంది: [4, 2; 2, 5] కు మొదటి వికర్ణ పదం 4 వర్గమూలం 2, దాని కింద 2/2 = 1, చివరిది 5 − 1 వర్గమూలం 2. ఆ తరువాత అ₁ = స₁(అ₀′)⁻¹. లెక్కిస్తే [1, 1; 0, 1] వస్తుంది. మనం దాచిపెట్టిన కారణాంకమే బయటపడింది.

ఇక్కడ ఒక చిన్న విషయం చాలామంది సమయాన్ని తినేస్తుంది. పైథాన్ లైబ్రరీ అయిన నంపైలోని చొలెస్కీ ఆదేశం దిగువ త్రిభుజ మాత్రికను ఇస్తుంది. సైపై, మ్యాట్‌ల్యాబ్, ఆక్టేవ్‌లలోనిది, వేరుగా అడగకపోతే, ఎగువ త్రిభుజ మాత్రికను ఇస్తుంది. పై సూత్రాలన్నీ దిగువ త్రిభుజ మాత్రికను ఊహించి రాసినవి.

స(చ) లో చ యొక్క అత్యధిక ఘాతం 1 కంటే ఎక్కువైతే, ఉదాహరణకు 3 అయితే, మూడేసి గళ్లను కలిపి ఒకే గడిగా భావించాలి. అప్పుడు పెద్ద మాత్రిక మళ్లీ వికర్ణం, దాని కింద ఒకటి, పైన ఒకటి ఉన్న ఆకారానికే వస్తుంది. అదే సూత్రం పనిచేస్తుంది. స్థిరపడిన చొలెస్కీ గడిలోని చివరి అడ్డవరుసలో అ₂, అ₁, అ₀ వరుసగా కనబడతాయి.

నాలుగో అడుగు: అంచెలను రెట్టింపు చేయడం

మూలాలు వృత్తానికి దగ్గరగా ఉంటే బావర్ పద్ధతి నెమ్మదిస్తుంది. పరిమాణం 1.01 ఉన్న మూలంతో ఒక్కో అంచెకు దోషం రెండు శాతమే తగ్గుతుంది. అప్పుడు ఒక్కొక్క అంచె నడవకుండా, 1, 3, 7, 15 అంచెల తరువాతి ఫలితాలను మాత్రమే అందుకునే చక్రీయ కుదింపు పద్ధతిని వాడాలి. ఈ రకపు సమీకరణానికి దాన్ని బియాట్రిచే మెయిని 2002లో విశ్లేషించారు. మూడు మాత్రికలను వెంట తీసుకెళ్లాలి: ప = స₀, గ = స₀, బ = స₁ తో మొదలుపెట్టి, ప్రతి దఫాలోనూ పాత విలువలను మాత్రమే వాడుతూ

కొత్త ప = ప − బ గ⁻¹ బ′

కొత్త గ = గ − బ గ⁻¹ బ′ − బ′ గ⁻¹ బ

కొత్త బ = బ గ⁻¹ బ

అని లెక్కించాలి. మన ఉదాహరణలో మొదటి దఫా తరువాత గ = (1/9)[32, 11; 11, 32], బ = (1/9)[2, 11; −4, 2]. రెండో దఫాలో ప నుంచి తీసివేయవలసిన మాత్రిక (1/8127)[3516, 888; 888, 816]. తీసివేస్తే [4.0118, 2.0018; 2.0018, 5.0107] వస్తుంది. ఇది బావర్ పద్ధతిలోని ప₃ యే. పది దఫాలు చేస్తే వెయ్యికి పైగా అంచెల పని పూర్తవుతుంది. బ మాత్రిక సున్నాకు చేరడమే ఆపవలసిన గుర్తు. బహుపది రూపంలో ఉన్న సమస్యలకు నేను మొదట సూచించే పద్ధతి ఇదే. ప్రోగ్రామ్ పదిహేను పంక్తులకు మించదు, పైగా మధ్యలో వచ్చే గ మాత్రిక ధన నిశ్చితంగా ఉండటం మానేస్తే, ఇచ్చిన స(చ) లోనే లోపం ఉందని అక్కడే తెలిసిపోతుంది.

ఐదో అడుగు: విల్సన్ పద్ధతి

స(చ) బహుపదిగా కాక, 1024 పౌనఃపున్యాల వద్ద విలువలుగా మాత్రమే చేతికి వచ్చినప్పుడు గ్రాన్‌విల్ టనిక్లిఫ్ విల్సన్ పద్ధతి సౌకర్యం. 1969లో ఒకే సంకేతానికి, 1972లో మాత్రికలకు ఆయన దాన్ని ప్రచురించారు. దాని వెనుక ఉన్నది వర్గమూలానికి వాడే పాత పద్ధతే: ఒక సంఖ్య వర్గమూలానికి ఒక ఊహ తీసుకుని, ఆ సంఖ్యను ఊహతో భాగించి, భాగఫలానికీ ఊహకూ సగటు తీసుకుంటే మెరుగైన ఊహ వస్తుంది.

మళ్లీ 2చ + 5 + 2చ⁻¹ ను తీసుకుని, కారణాంకాన్ని మ + నచ అని రాసి, మ = 2.2361 (5 వర్గమూలం), న = 0 తో మొదలుపెడదాం. విల్సన్ సమీకరణం ప్రకారం, పాత కారణాంకాన్ని కొత్తదాని సంయుగ్మంతోను, కొత్తదాన్ని పాతదాని సంయుగ్మంతోను గుణించి కూడితే, స(చ) కి పాత కారణాంకపు పరిమాణ వర్గాన్ని కలిపినంత రావాలి. అది మ, న లలో రెండు ఏకఘాత సమీకరణాలు. సాధిస్తే మ విలువలు వరుసగా 2.2361, 2.0231, 2.0005, న విలువలు 0.8944, 0.9796, 0.9995. ఇప్పుడు చ = 1 వద్ద మ + న ను చూడండి: 2.2361 తో మొదలై 3.1305, 3.0027, ఆపై నాలుగు దశాంశాలకు 3.0000. ఇది 9 వర్గమూలానికి సగటు పద్ధతి చేసే లెక్కే. చ = −1 వద్ద మ − న విలువలు 1.3416, 1.0435, 1.0009, అది 1 వర్గమూలానికి చేసే లెక్క. అంటే విల్సన్ పద్ధతి వృత్తం మీద అంతటా వర్గమూలాన్ని ఏకకాలంలో తీస్తూ, ధన ఘాతాలు మాత్రమే మిగిలేలా ఆ ఫలితాలను ఒకదానితో ఒకటి ముడిపెడుతుంది. ప్రతి దఫాకూ సరైన అంకెల సంఖ్య దాదాపు రెట్టింపు అవుతుంది.

మాత్రికల విషయంలో ఒక దఫా ఇలా సాగుతుంది. ప్రతి పౌనఃపున్యం వద్ద అ⁻¹ స (అ*)⁻¹ + ఐడెంటిటీ మాత్రికను లెక్కించాలి. ఆ విలువలను ఫోరియర్ గుణకాలుగా మార్చాలి. ధన ఘాతాల గుణకాలను అలాగే ఉంచి, రుణ ఘాతాల గుణకాలను సున్నా చేయాలి. సున్నా ఘాతపు గుణకం ఒక సౌష్ఠవ మాత్రిక. దాని వికర్ణాన్ని సగం చేసి, వికర్ణం కింది భాగాన్ని పూర్తిగా ఉంచి, పై భాగాన్ని తీసివేయాలి. మళ్లీ పౌనఃపున్యాలకు తిరిగి వచ్చి, ఆ ఫలితాన్ని పాత అ తో ఎడమ నుంచి గుణిస్తే కొత్త అ వస్తుంది. మొదటి ఊహగా స₀ యొక్క చొలెస్కీ కారణాంకాన్ని వాడితే చాలు.

సున్నా ఘాతపు గుణకాన్ని త్రిభుజంగా కత్తిరించడానికి కారణం ఉంది. అ(చ) ఒక జవాబు అయితే, దాన్ని కుడి నుంచి ఏ స్థిర లంబ మాత్రికతో గుణించినా మరో జవాబు వస్తుంది. అ₀ దిగువ త్రిభుజంగా, ధన వికర్ణంతో ఉండాలని నిర్బంధిస్తే ఆ స్వేచ్ఛ పోయి జవాబు ఒక్కటే మిగులుతుంది. కత్తిరించకుండా అన్ని పదాలనూ సగం చేసినా లెక్క చేరుకుంటుంది గాని, చేరేది మనం ఎదురుచూసిన మాత్రిక కాక దాని తిప్పిన రూపం కావచ్చు.

మరో జాగ్రత్త గుర్తుల గురించి. నంపైలోని ఫాస్ట్ ఫోరియర్ ఆదేశం ఘాతాంకంలో రుణ గుర్తును వాడుతుంది. అందుచేత గుణకాల నుంచి విలువలకు వెళ్లేటప్పుడు ఏ ఆదేశం వాడాలో ఒకసారి కాగితం మీద తేల్చుకోకపోతే, ధన ఘాతాలనుకుని రుణ ఘాతాలను ఉంచుకోవడం జరుగుతుంది. అప్పుడు వచ్చే కారణాంకం స(చ) ను చక్కగా తిరిగి ఇస్తుంది, కానీ కాలం వెనక్కి నడిచినట్లుగా ఉంటుంది. పౌనఃపున్యాల సంఖ్యను కూడా ఉదారంగా తీసుకోవాలి. అ విలోమపు గుణకాలు సగం దూరం చేరేలోగా సున్నాకు దగ్గర కాకపోతే, అటువైపు చివర ఉన్న గుణకాలు చుట్టు తిరిగి ఇటువైపు వచ్చి కలిసిపోతాయి.

ఆరో అడుగు: ఫలితాన్ని మూడు వైపుల నుంచి సరిచూడటం

మొదటి పరీక్ష గుణించి చూడటం. అది అవసరమే గాని చాలదని ముందే చూశాం. రెండోది అ(చ) నిర్ధారకపు మూలాలను లెక్కించి, అన్నీ వృత్తానికి వెలుపల ఉన్నాయని నిర్ధారించుకోవడం.

మూడో పరీక్ష నాకు చాలా ఇష్టమైనది, ఎందుకంటే అది విభజన చేసిన పద్ధతితో ఏ సంబంధమూ లేకుండా జవాబును ముందే చెబుతుంది. స(చ) నిర్ధారకపు సంవర్గమానానికి వృత్తం మీద సగటు తీసుకుని, దాన్ని తిరిగి ఘాతంగా మారిస్తే, అంటే నిర్ధారకపు గుణాత్మక సగటును తీస్తే, అది అ₀ నిర్ధారకపు వర్గానికి సమానం కావాలి. మన ఉదాహరణలో అది 16. వృత్తం మీద నాలుగు బిందువులు తీసుకుంటే నిర్ధారకం 64, 18, 4, 18. వాటి గుణాత్మక సగటు 16.97. ఎనిమిది బిందువులు తీసుకుంటే, కొత్తగా చేరిన నాలుగింటి లబ్ధం 226 యొక్క వర్గం, మొత్తం సగటు 15.97. పదహారు బిందువులతో కాలిక్యులేటర్ మీద చేసి చూస్తే ఇంకా దగ్గరవుతుంది. బావర్ లెక్కలో ప నిర్ధారకాలు 27, 18.26, 16.48, 16.09 అంటూ పై నుంచి ఇదే 16 కు దిగుతాయి. కారణాంకం తప్పుగా, లోపలి మూలంతో వచ్చి ఉంటే అ₀ నిర్ధారకపు వర్గం ఈ సగటు కంటే తక్కువగా తేలుతుంది.

మూలం వృత్తం మీదే ఉంటే

చ + 2 + చ⁻¹ ను తీసుకోండి. దీని కారణాంకం 1 + చ, మూలం −1, సరిగ్గా వృత్తం మీద ఉంది. బావర్ సూత్రం 2, 3/2, 4/3, 5/4 అంటూ నడుస్తుంది. వెయ్యి అంచెలు వేసినా దోషం వెయ్యో వంతు మిగులుతుంది. విల్సన్ పద్ధతి చ = −1 వద్ద సున్నా వర్గమూలం తీయవలసి వస్తుంది. సగటు పద్ధతిలో సున్నాను ఊహతో భాగిస్తే సున్నాయే కాబట్టి, ఊహ ప్రతి దఫాలోనూ సగం అవుతుంది, అంతే. రెట్టింపు వేగం పోయి సగం చొప్పున తగ్గే నడక మిగులుతుంది.

ఇది పద్ధతుల లోపం కాదు, సమస్య స్వభావమే. మధ్య పదం 2 కు బదులు 2.000001 అయితే ప విలువ 1 నుంచి సుమారు 1.001 కు జరుగుతుంది. ఇన్‌పుట్‌లో పది లక్షల్లో ఒక వంతు మార్పు ఫలితంలో వెయ్యో వంతు మార్పు అవుతుంది. పదహారు అంకెలతో లెక్కించే కంప్యూటర్‌లో ఇలాంటి సమస్యకు ఎనిమిది అంకెలకు మించిన ఖచ్చితత్వాన్ని ఆశించకూడదు. అసలు డేటా విషయంలో స₀ కు చిన్న ధన సంఖ్యను వికర్ణం మీద కలిపి మూలాలను వృత్తం నుంచి దూరం జరపడం వాడుకలో ఉన్న ఉపాయం. కలిపిన సంఖ్య ఎంతో ఫలితంతో పాటు తప్పక నమోదు చేయాలి, ఎందుకంటే ఫలితం దాని వర్గమూలం మేరకు కదులుతుంది.

సంకేతాల సంఖ్య పెరిగినప్పుడు జార్జియాకు చెందిన జనాషియా, లగ్విలావా మొదలుపెట్టి, ఎఫ్రెమిజేతో కలిసి 2011లో వివరించిన పద్ధతిని కూడా పరిశీలించవచ్చు. అది ముందుగా స(చ) ను ప్రతి పౌనఃపున్యం వద్ద దిగువ త్రిభుజ కారణాంకంగా విడగొట్టి, వికర్ణం మీద ఒకే సంఖ్యకు చేసే విభజనను వాడుతుంది. వికర్ణం కింద మిగిలిపోయే రుణ ఘాతాలను, ఒక్కొక్క అడ్డవరుసను చేర్చుకుంటూ, తగిన యూనిటరీ మాత్రిక ప్రమేయాలతో కుడి నుంచి గుణించి తొలగిస్తుంది. ప్రతి మెట్టులోనూ సాధించవలసింది ఒక ఏకఘాత సమీకరణ వ్యవస్థ మాత్రమే.

ధన నిశ్చితం కాని మాత్రికలు

పై పద్ధతులన్నీ స(చ) ధన నిశ్చితం అన్న ఆధారం మీద నిలబడ్డాయి. వివర్తన సమస్యల్లోను, సమాకలన సమీకరణాల్లోను ఎదురయ్యే సాధారణ వీనర్-హాఫ్ విభజనలో ఆ ఆధారం ఉండదు. అక్కడ రెండు కారణాంకాల మధ్య చ యొక్క పూర్ణాంక ఘాతాలు గల ఒక వికర్ణ మాత్రిక కూడా వస్తుంది. ఆ ఘాతాలను పాక్షిక సూచికలు అంటారు. ధన నిశ్చిత మాత్రికకు అవన్నీ సున్నాలే, అందుకే ఇప్పటి దాకా వాటి ప్రస్తావన రాలేదు.

వాటి వల్ల వచ్చే ఇబ్బందిని [చ, 0; క, చ⁻¹] అనే మాత్రిక స్పష్టంగా చూపిస్తుంది. క సున్నా అయితే మాత్రిక స్వయంగా వికర్ణమే, పాక్షిక సూచికలు 1, −1. క సున్నా కాకపోతే అదే మాత్రికను [1, చ/క; 0, 1] [0, −1/క; క, చ⁻¹] అని రాయవచ్చు, రెండింటి నిర్ధారకాలూ 1, మొదటిదానిలో ధన ఘాతాలు, రెండోదానిలో రుణ ఘాతాలు మాత్రమే ఉన్నాయి, కాబట్టి సూచికలు 0, 0. క ఎంత చిన్నదైనా ఇదే నిజం. గోబర్గ్, క్రెయిన్ నిరూపించిన ప్రకారం, అతి పెద్ద సూచికకూ అతి చిన్న సూచికకూ తేడా 1 కి మించనప్పుడే అవి చిన్న మార్పులకు చలించకుండా ఉంటాయి. పై ఉదాహరణలో క సున్నా అయినప్పుడు ఆ తేడా 2. అందువల్ల పదహారో దశాంశంలో వచ్చిన గుండ్రపరిచే దోషం చాలు, ప్రోగ్రామ్ 1, −1 కు బదులు 0, 0 అని చెప్పడానికి; అప్పుడు కారణాంకాల్లో 1/క లాంటి అతి పెద్ద సంఖ్యలు కనబడతాయి. ఇలాంటి మాత్రికలతో పనిచేసేటప్పుడు పాక్షిక సూచికలను దశాంశ సంఖ్యల లెక్కతో కాక, భిన్నాలను భిన్నాలుగానే ఉంచే ఖచ్చితమైన బీజగణిత లెక్కతో ముందుగా తేల్చుకుని, ఆ తరువాతే కారణాంకాలను అంకెల్లోకి దించాలి.